నచ్చలేదని చెప్పొచ్చా?

నవల పూర్తి చేసిన మనిషిని ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న "ఎలా ఉంది?" అని. దానికి మన దగ్గర రెడీగా ఉండే జవాబులు మూడో నాలుగో. "బావుంది." "పర్లేదు, చదవొచ్చు." "ఏమో, నాకు ఎక్కలేదు." ఇంకాస్త గట్టివాళ్ళయితే, "అదీ ఒక నవలేనా!" ఈ జవాబుల్లో దేనికీ ఎవరూ సంజాయిషీ అడగరు. ఒకవేళ నొక్కి అడిగినా "పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి" అనేస్తే సరిపోతుంది. ఆ సామెత పడ్డాక మాట ముందుకి సాగదు, అక్కడితో టీ తాగేసి లేస్తాం.

ఆ సామెత ఎంతవరకు పనిచేస్తుందన్నదే నా అనుమానం. పచ్చడి విషయంలో పూర్తిగా పనిచేస్తుంది. గోంగూర నాకు పడదంటే గోంగూరకి వచ్చిన నష్టమేమీ లేదు. నవల సంగతి వేరు. దాని వెనక రెండు మూడేళ్ళు రాత్రిళ్ళు కూర్చుని రాసిన మనిషి ఉంటారు. దాని లోపల ఉన్న మనుషుల్లాంటివాళ్ళు బయట నిజంగా బతుకుతుంటారు. అలాంటప్పుడు "నచ్చలేదు" అనడం ఒట్టి రుచి విషయమేనా? లేకపోతే అందులో న్యాయం, అన్యాయం అనే గొడవ కూడా ఏమైనా ఉందా?

నేను విమర్శకురాలిని కాను. భవానీపురంలో ఉంటూ, ఉద్యోగానికి వెళ్ళొస్తూ, బస్సులోనూ ఆదివారం మధ్యాహ్నాలూ నవలలు చదివే మామూలు పాఠకురాలిని. సాహిత్యంలో డిగ్రీ లేదు. జనవరిలో పుస్తకాల పండగకి వెళ్ళి ఒక సంచీ నింపుకొచ్చి, మళ్ళీ జనవరి వచ్చేదాకా వాటిని నెమ్మదిగా లాగిస్తాను. ఈ మధ్య చదివిన నాలుగు నవలలు నన్ను ఈ ప్రశ్న దగ్గరికి తీసుకొచ్చాయి. నాలుగింటి మీదా నాకు అభిప్రాయాలున్నాయి. కానీ ఒక్కోదాని దగ్గర ఆ అభిప్రాయం నోటికొచ్చేలోపు ఒక్కోరకం అడ్డం పడింది. ఆ అడ్డాల గురించే ఇదంతా.

*

మొదట మన భాషలోనే ఉన్న ఒక సంగతి. "ఈ నవల నాకు నచ్చలేదు" అంటే ఆ వాక్యంలో పని చేసేది, చేయనిది నవల. నేను "నాకు" అయి ఒక పక్కన నిలబడతాను. "నాకు ఆకలేసింది", "నాకు జ్వరమొచ్చింది", "నాకు నవల నచ్చింది", అన్నీ ఒకే అచ్చు. తెలుగులో నచ్చడం అనేది నేను పూనుకుని చేసే పని కాదు, నాకు జరిగేది. జ్వరానికి కారణం క్రిమిలోనూ ఉండొచ్చు, నా ఒంట్లోనూ ఉండొచ్చు. నచ్చకపోవడమూ అంతే.

మాటల వేగంలో ముందు రాలిపోయేది ఆ "నాకు" అనే మాటే. "నవల నాకు నచ్చలేదు" కాస్తా రెండో రోజుకి "నవల బాలేదు" అవుతుంది. నాలుగో మనిషి దగ్గరికి చేరేసరికి "దండగ, కొనకు" అవుతుంది. మొదటిది నేను చెప్పిన సాక్ష్యం. చివరిది పుస్తకం చదవనివాళ్ళు కూడా వేసేయగల శిక్ష. ఈ రెంటికీ మధ్య దూరం ఎంతో "కొండపొలం" చదివినప్పుడు నాకు బాగా తెలిసింది.

సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి రాసిన ఈ నవలకి 2019లో తానా నవలల పోటీలో బహుమతి వచ్చింది. 2021లో క్రిష్ దీన్ని సినిమాగా తీశారు. కరువులో మేత దొరక్క గొర్రెల మందల్ని తోలుకుని నల్లమల అడవిలోకి వెళ్ళే కాపరుల కథ. చదువుకుని ఉద్యోగం దొరకని కుర్రాడొకడు వాళ్ళ వెంట వెళతాడు. అడవి, పులి భయం, నీటి వేట, దొంగలు. వీటన్నిటి మధ్య అతను మారతాడు.

నా చుట్టూ ఈ నవల మొదలుపెట్టి వదిలేసిన వాళ్ళు ముగ్గురున్నారు. ముగ్గురూ చెప్పిన కారణం ఒకటే: "ఆ యాస కష్టం." నాకూ మొదటి ముప్పై నలభై పేజీలు నెమ్మదిగానే నడిచాయి. గొర్రెల గురించి, మేత గురించి కాపరులు వాడే మాటలు నాకు తెలియవు. కానీ "భాష కష్టం" అన్న మాట కృష్ణా జిల్లా నోటి నుంచి వచ్చినప్పుడు దాని బరువు వేరేగా ఉంటుంది. మనం ప్రామాణిక తెలుగు అని పిలుచుకునేది ప్రధానంగా కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల చదువుకున్నవాళ్ళ మాటల మీద నిలబడింది. పేపర్లు, పాఠ్యపుస్తకాలు, సినిమాలు దశాబ్దాల పాటు ఆ తెలుగునే ఊరూరికీ చేరవేశాయి. కడపలో పుట్టిన పిల్లవాడు మన భాష కష్టమైనా నేర్చుకుని పరీక్ష రాశాడు. కష్టమని పుస్తకం మూసేసే వీలు అతనికి లేదు. ఆ వీలు మనకి మాత్రం ఉంది, పైగా దాన్ని వాడుకుంటున్నామని కూడా మనకి తెలియదు.

అంటే డెల్టా పాఠకులు "నాకు కష్టమైంది" అనకూడదనా? అనొచ్చు. అది నిజం కదా. అనకూడనిది "భాష కష్టంగా రాశారు" అని. మొదటి వాక్యంలో కష్టం నాది. రెండో వాక్యంలో ఆ కష్టాన్ని తీసుకెళ్ళి రచయిత నెత్తిన పెట్టాను. ఒక్క మాట తేడాలో ఎవరి తెలుగు తెలుగు, ఎవరిది యాస అన్న పాత తగువంతా దాక్కుని ఉంది.

ఈ జాగ్రత్త తీసుకున్నాక "కొండపొలం" మీద నా ఫిర్యాదు నాకు మిగిలే ఉంది. పిరికి కుర్రాడు అడవిలోకి వెళ్ళి ధైర్యవంతుడై తిరిగి రావడం మరీ సాఫీగా జరిగిపోయిందనిపించింది. అడవి అతనికి పాఠం చెప్పడానికే అక్కడున్నట్టు కొన్ని చోట్ల అనిపించింది. మందని కాచే పెద్దవాళ్ళ మాటల్లో అలాంటి పాఠం వాసన లేదు, అక్కడ నవల గొప్పగా ఉంది. ఈ మాట యాసకి సంబంధించింది కాదు, ప్రాంతానికి సంబంధించిందీ కాదు. అందుకే ధైర్యంగా చెప్పగలుగుతున్నాను.

*

రెండో అడ్డం ఇంకా గట్టిది. జి. కళ్యాణరావు "అంటరాని వసంతం" 2000లో వచ్చింది. పాతికేళ్ళయింది. కానీ కొత్తగా చదవడం మొదలుపెట్టిన వాళ్ళ చేతుల్లోకి ఇప్పటికీ వస్తూనే ఉంది. 2010లో ఇంగ్లీషులోకి వెళ్ళాక తెలుగు రానివాళ్ళూ చదువుతున్నారు. రూతు అనే ముసలావిడ జ్ఞాపకాల్లోంచి ఒక మాదిగ, మాల పల్లెల చరిత్ర తరాల వెంట నడిచి వస్తుంది. ఎన్నెలదిన్నిలో పాటలు కట్టే ఎల్లన్న, సుభద్ర, కరువులో ఊరొదిలి పని వెతుక్కుంటూ నడిచే తర్వాతి తరం, క్రైస్తవంలోకి వెళ్ళడం, అక్కడా వదలని కులం.

ఈ నవల గురించి "అల్లిక గజిబిజిగా ఉంది" అని ఒక స్నేహితురాలు నాతో అంది. అని, వెంటనే గొంతు తగ్గించి, "ఇలా అనకూడదేమో" అంది. ఆ గొంతు తగ్గడం నన్ను ఆలోచనలో పడేసింది. ఎందుకు అనకూడదు? తనకి ఆ బాధ తెలియదు కాబట్టి. తను పుట్టిన కులం ఆ కథలో ఎటువైపు ఉందో తనకి తెలుసు కాబట్టి. ఆ సంకోచం మంచిదే, అది లేని పాఠకులే ఎక్కువ మన చుట్టూ. కానీ సంకోచం అక్కడే ఆగిపోతే ఏమవుతుందో చూడండి. "గొప్ప నవల, తప్పకుండా చదవాలి" అని ఒక మాట అనేసి పక్కన పెట్టేస్తాం. పరీక్షలో గ్రేస్ మార్కులు వేసి పాస్ చేసినట్టు. జాలితో వేసిన మార్కు ఏ పిల్లవాడికీ గౌరవం కాదు. పేపరు దిద్దకుండానే మార్కు వేశారని దానర్థం.

బాధ గురించి రాసిన నవలకి ఇవ్వాల్సిన మొదటి గౌరవం, దాన్ని నవలగా చదవడం. అంటే "గజిబిజిగా ఉంది" అన్న మాటని మింగేయకుండా, దాని వెంట ఇంకో నాలుగు అడుగులు వేయడం. ఎందుకు గజిబిజిగా ఉంది? కథ వరసగా నడవదు. ముందుకీ వెనక్కీ పోతుంది. ఒకే సంగతిని మళ్ళీ మళ్ళీ ముట్టుకుంటుంది. కథ చెప్పే గొంతు మధ్యలో ఆగి మనతో వాదిస్తుంది. మా స్నేహితురాలూ నేనూ ఆ సాయంత్రం దీని మీద చాలాసేపు మాట్లాడుకున్నాం. కరణం దగ్గర భూమి కాగితాలున్న కుటుంబం తన కథని తాత, తండ్రి, కొడుకు అని వరస తప్పకుండా చెప్పగలదు. కాగితమే లేనివాళ్ళకి చరిత్ర అంటే ఒక ముసలావిడ గుర్తుపెట్టుకున్నది, ఒకరు పాడితే ఇంకొకరు విన్నది. జ్ఞాపకం వరసలో రాదు. అలా చూస్తే ఆ అల్లిక తెలియక వేసింది కాదు, తనకున్న దారం అదే.

దీనర్థం ప్రతి అభ్యంతరానికీ ఇలా ఒక సమాధానం దొరికి తీరుతుందని కాదు. కథ చెప్పే గొంతు కొన్ని చోట్ల మరీ ఎక్కువగా వివరిస్తుందనీ, ఎల్లన్న పాట చెప్పగలిగింది మళ్ళీ వ్యాఖ్యానంగా చెప్పాల్సిన పని లేదనీ నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఇది ఆ జీవితాల మీద తీర్పు కాదు. ఆ జీవితాలు అంత బలంగా కనపడుతున్నాయి కాబట్టే మధ్యలో వచ్చే వివరణ నాకు అడ్డమనిపించింది.

*

మూడోది పూర్తిగా తిరగబడ్డ అడ్డం. ఇక్కడ నచ్చలేదని చెప్పడానికి భయం లేదు, నచ్చిందని చెప్పడానికి సిగ్గు. రవి మంత్రి "అమ్మ డైరీలో కొన్ని పేజీలు" ఈ మధ్య తెలుగులో బాగా అమ్ముడుపోయిన నవలల్లో ఒకటి. కాలేజీ పిల్లలు రీల్స్‌లో చూసి కొన్నారు. అంతకుముందు తెలుగు నవల ఒక్కటీ చదవనివాళ్ళు కూడా దీన్ని పూర్తి చేశారు. సాహిత్యం చదివే పెద్దవాళ్ళలో కొందరు మాత్రం పేరు వినగానే పెదవి విరుస్తారు. వాళ్ళలో చదివి విరిచినవాళ్ళు ఎంతమందో, వినే విరిచినవాళ్ళు ఎంతమందో అడిగితే బావుండదు.

నా మాట చెప్తాను. వేగంగా చదివించింది. అమ్మకి కూడా అమ్మ కాకముందు ఒక జీవితం ఉందన్న ఊహ ఇరవయ్యేళ్ళ పిల్లల్ని ఎందుకంత పట్టుకుందో అర్థమైంది. మనిళ్ళల్లో ఆ మాట ఎవరూ ఎత్తరు మరి. పాత్రల మనసులో ఉన్నది వాళ్ళ చేతల్లో కనపడేలోపే మాటల్లో వచ్చేస్తోందని కూడా అనిపించింది. ఈ రెండూ నిజమే. ఒకటి చెప్పి ఇంకోటి దాచాల్సిన అవసరం నాకు కనపడలేదు. కానీ సాహిత్య సభలో నిలబడితే రెండోది మాత్రమే చెప్పాలనిపిస్తుంది, ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయితో మాట్లాడితే మొదటిది మాత్రమే. ఎదుటివాళ్ళని బట్టి నా రుచి మారుతోందంటే అది రుచి కాదు, మర్యాద. లేదా పిరికితనం.

ఒకప్పుడు బెజవాడ వీధుల్లో అద్దె పుస్తకాల షాపులుండేవి. యద్దనపూడి, యండమూరి నవలలు అట్టలు ఊడి, మూలలు నలిగి, మళ్ళీ బైండు అయి తిరిగేవి. అప్పుడూ సాహిత్యం తెలిసినవాళ్ళు వాటిని లెక్కలోకి తీసుకోలేదు. ఇవాళ అలా లెక్కచేయనివాళ్ళ పేర్లు మనకి గుర్తులేవు, ఆ నవలలు గుర్తున్నాయి. గుర్తుండటమే గొప్పతనమని నేననను. ఇల్లు కదలకుండా రోజంతా పనిలో ఉన్న ఆడవాళ్ళు అన్ని వేలమంది ఒక పుస్తకం కోసం ఎదురుచూశారంటే, అది వాళ్ళకేం ఇచ్చిందో అడగాల్సిన ప్రశ్నే. ఆ ప్రశ్న అడక్కుండా పెదవి విరవడం పుస్తకాన్ని కాదు, దాన్ని చదివిన మనిషిని తక్కువ చేయడం.

*

నాలుగోది మా ఇంటి దగ్గరికి వచ్చిన నవల. అక్కినేని కుటుంబరావు, సినిమా దర్శకుడిగా కూడా తెలిసిన పేరు, రాసిన "కొల్లేటి జాడలు". పులపర్రు అనే ఊళ్ళో గడిచిన చిన్నతనం, కొల్లేరుతో పాటు బతికిన ఊళ్ళు, ఆ సరస్సు మెల్లగా చచ్చిపోవడం. 2020లో ఇంగ్లీషులో కూడా వచ్చింది.

ఈ నవల నేను చదివింది 2024 వరద తర్వాత. ఆ సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, జోజినగర్, ఊర్మిళానగర్ మునిగాయి. అదే సమయంలో ఇటు ప్రకాశం బ్యారేజీ మీదుగా పదకొండు లక్షల క్యూసెక్కులు దాటి కృష్ణ పోయింది. భవానీపురంలో ఉన్నవాళ్ళకి ఒక పక్క నది, ఇంకో పక్క ఏరు. ఆ బుడమేరు చివరికి వెళ్ళి కలిసేది కొల్లేట్లోనే. అప్పటిదాకా కొల్లేరంటే నాకు స్కూల్లో చదువుకున్న మంచినీటి సరస్సు, శీతాకాలం వచ్చే పక్షులు. నీళ్ళు ఇళ్ళల్లోకి వచ్చాక, పల్లపు నేలనీ ఏటి దారినీ ఆక్రమిస్తే నీరు ఎటు పోతుందన్న ప్రశ్న మా వీధి ప్రశ్న అయింది. ఆ ప్రశ్నతో చదివితే "కొల్లేటి జాడలు"లో ప్రతి పేజీ నాకు వార్తలా అనిపించింది. చాలా గొప్పగా అనిపించింది.

మరి ఆ గొప్పతనం నవలదా, వరదదా? ఏడాది ముందు చదివి ఉంటే "చిన్ననాటి ముచ్చట్లు, కాస్త ఎక్కువైపోయాయి" అని ఉండేదాన్నేమో. అప్పటి మాట తప్పు, ఇప్పటి మాట ఒప్పు అవుతుందా?

దీనికి తోడు ఇంకోటి జరిగింది. కైకలూరు వైపు నుంచి వచ్చిన సహోద్యోగి ఒకాయన ఇదే నవల చదివి, "ఒకవైపు కథే చెప్పాడండీ" అన్నాడు. వాళ్ళ కుటుంబం చేపల చెరువుల మీద బతికింది. 1999లో కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించడం, 2005, 2006ల్లో ప్రభుత్వం చెరువు గట్లని కొట్టించడం ఆయనకి ఇంట్లో జరిగిన సంగతులు. ఆయన్ని విని, "అది మీ స్వప్రయోజనం మాట్లాడుతోంది, సాహిత్యాభిప్రాయం కాదు" అనడం చాలా తేలిక. కానీ నాది మాత్రం? నా ఇంటి దగ్గరికొచ్చిన నీళ్ళు నాచేత ఆ నవలని మెచ్చుకునేలా చేస్తే అది సాహిత్యాభిప్రాయం, ఆయన ఇంట్లో తెగిన గట్టు ఆయన చేత కాదనిపిస్తే అది స్వప్రయోజనమా?

నాకు తోచింది ఇది. ఖాళీ చేతులతో నవల దగ్గరికి వెళ్ళే పాఠకులు ఎవరూ లేరు. అభినవగుప్తుడు వెయ్యేళ్ళ కిందట సహృదయుడంటే ఎవరో చెబుతూ, కావ్యాలతో సాధన చేసి చేసి మనసు అద్దంలా తేటపడ్డవాడని అన్నాడు. అంతటి తేట మనస్సు మామూలు పాఠకులకి ఎక్కడి నుంచి వస్తుంది? మన అద్దాల మీద ఆఫీసు దుమ్ము, కులం మరక, వరద బురద అన్నీ ఉంటాయి. వాటిని ఒక్కరోజులో తుడిచేయలేం. కానీ మరక ఎక్కడుందో చెప్పగలం. మా సహోద్యోగి అదే చేశాడు. ముందు "మాకు చెరువులుండేవి" అని చెప్పి, తర్వాత అభిప్రాయం చెప్పాడు. ఆ ఒక్క వాక్యం వల్ల ఆయన మాట నాకు ఎక్కువ ఉపయోగపడింది. ఆ తర్వాత నవలని మళ్ళీ తిరగేసినప్పుడు చెరువుల ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా ఆయన కళ్ళతో కూడా చూశాను. నా మెప్పు తగ్గలేదు గానీ దానికి ఒక హద్దు తెలిసింది.

*

అభిప్రాయం సాక్ష్యంలా ఉండాలని అనడానికి ఇంకో కారణం, అలా లేనప్పుడు అది ఎక్కడిదాకా పోగలదో మనం చూశాం. 1922లో వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణ "మాలపల్లి"ని అప్పటి మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. అది పరాయి ప్రభుత్వం అనుకుందాం. మన పొరుగు రాష్ట్రంలో పెరుమాళ్ మురుగన్ "మాదొరుబాగన్" 2010లో తమిళంలో వచ్చింది. నాలుగేళ్ళ పాటు మామూలుగానే చదివారు. 2014 చివర్లో తిరుచెంగోడులో గొడవ మొదలైంది. 2015 జనవరిలో ఆయన తనలోని రచయిత చనిపోయాడని ప్రకటించుకున్నాడు. 2016 జులైలో మద్రాసు హైకోర్టు ఆయన పక్షాన తీర్పు ఇచ్చింది. నచ్చని పుస్తకాన్ని పక్కన పడేసే హక్కు పాఠకుడికెప్పుడూ ఉందన్నది ఆ తీర్పులోని సారాంశం.

ఆ గొడవలో మొదటి అడుగు కూడా "నాకు నచ్చలేదు" అన్నదే. తన ఊరిని, తన కులాన్ని అలా చూపించడం ఒక మనిషికి నొప్పి కలిగించి ఉండొచ్చు, ఆ నొప్పి నిజమే కావొచ్చు. కానీ "నాకు నొప్పిగా ఉంది" నుంచి "ఇది ఎవరూ చదవకూడదు"కి వెళ్ళేటప్పుడు దారిలో ఎక్కడో "నాకు" పడిపోయింది. అది పడిపోయాక మిగిలిన వాక్యానికి ఒక గుంపు సరిపోయింది. పుస్తకాన్ని తెరవాల్సిన అవసరం కూడా లేకపోయింది.

*

మనూళ్ళో మాత్రం పుస్తకాలకి ఎక్కువ హాని చేస్తున్నది గుంపులు కావు, మర్యాద. తెలుగులో కొత్త రచయిత నవల ఐదొందలో వెయ్యో కాపీలు వేసుకుంటారు, చాలాసార్లు సొంత డబ్బుతో. ఆవిష్కరణ సభలో నలుగురు వక్తలు, అందులో ఇద్దరు ముందుమాట మాత్రమే చదివి వస్తారు. సంతకం చేసిన కాపీ మన చేతికొస్తుంది. నెల తర్వాత "చదివారా?" అని మెసేజి. "చాలా బావుందండీ" అని మనం, రెండు చేతులు జోడించిన బొమ్మ వాళ్ళు. లావాదేవీ ముగిసింది. ఎవరికీ నొప్పి లేదు. ఎవరికీ ఏమీ దక్కలేదు కూడా.

పోయినేడు ఇలాగే ఒక కొత్త రచయిత్రి తన మొదటి నవల ఇచ్చింది. నేను 112వ పేజీలో ఆగిపోయాను. "చదివారా అక్కా?" అని అడిగినప్పుడు ఆ సంగతే రాశాను: 112 దాకా వచ్చాను, అక్కడ పెళ్ళి సన్నివేశం తర్వాత అత్తగారి పాత్ర నాకు కనపడటం మానేసింది, ఆవిడ కోసమే చదువుతున్నాను, అందుకని ఆగాను. వారం రోజులు జవాబు లేదు. తర్వాత ఒక్క ప్రశ్న వచ్చింది: "ఆవిడ మళ్ళీ 140లో వస్తుంది. అంతదాకా ఎందుకు ఆగలేకపోయారు?" ఆ ప్రశ్న మీద మేం గంటసేపు ఫోన్లో మాట్లాడుకున్నాం. "చాలా బావుందండీ" అని ఉంటే ఆ గంట ఉండేది కాదు. "బోర్ కొట్టింది" అని ఉన్నా ఉండేది కాదు.

డేవిడ్ హ్యూమ్ 1757లో రుచి గురించి రాసిన వ్యాసంలో, డాన్ క్విక్సోట్ నవల నుంచి తెచ్చుకున్న ఒక కథ ఉంటుంది. ఇద్దరు మనుషులు ఒక పీపాలోని వైన్ రుచి చూస్తారు. ఒకడు బావుంది గానీ తోలు వాసన వస్తోందంటాడు. ఇంకొకడు బావుంది గానీ ఇనుము వాసన అంటాడు. అందరూ ఇద్దర్నీ చూసి నవ్వుతారు. పీపా ఖాళీ అయ్యాక అడుగున తోలు తాడు కట్టిన పాత తాళంచెవి ఒకటి దొరుకుతుంది. హ్యూమ్ దీన్ని సున్నితమైన రుచి గురించి చెప్పడానికి వాడుకున్నాడు. నాకు అందులో ఇంకోటి కనపడుతుంది. వాళ్ళిద్దరూ వైన్ బాలేదనలేదు, గొప్పదని ఊదరగొట్టనూ లేదు. నోటికి తగిలింది తగిలినట్టు చెప్పారు. ఒకరికి తగిలింది ఇంకొకరికి తగల్లేదు, అయినా ఇద్దరూ అబద్ధం ఆడలేదు. ఇద్దరి మాటా కలిపితేనే తాళంచెవి రూపం తేలింది.

మామూలు పాఠకుల అభిప్రాయానికి ఉన్న విలువ అదే అనుకుంటాను. మనం న్యాయమూర్తులం కాదు, ఆ కుర్చీ కావాలని ఎవరూ అడగలేదు. కానీ పీపా దగ్గరికి వెళ్ళినవాళ్ళం. ఎంతవరకు చదివామో, ఎక్కడ ఆగామో, ఏం తగిలిందో, మన నాలుక మీద అంతకుముందే ఏం ఉందో చెప్పగలం. అలా నలుగురు చెబితే ఒక నవల లోపల ఏముందో మెల్లగా తేలుతుంది. విమర్శకులకి కూడా అప్పుడే పని దొరుకుతుంది.

కాబట్టి నచ్చలేదని చెప్పొచ్చా అంటే, చెప్పాలి. బాధ గురించి రాసిన పుస్తకమైనా, పక్కింటి అమ్మాయి రాసిన పుస్తకమైనా. నచ్చిందని కూడా చెప్పాలి, చుట్టూ ఉన్నవాళ్ళు పెదవి విరుస్తున్నా సరే. కాకపోతే ముందు "నాకు", తర్వాత "ఎందుకంటే" ఉండాలి. ఆ "ఎందుకంటే" తర్వాత ఏం రాయాలో తోచకపోతే, పుస్తకం ఇంకోసారి తెరవాల్సి వస్తుంది. తెరిచాక మొదట అనుకున్న మాటే మిగులుతుందో లేదో ముందే చెప్పలేం. "కొండపొలం" వదిలేసిన ముగ్గురిలో ఒకరు ఈ మధ్య మళ్ళీ మొదలుపెట్టారు. ఎనభయ్యో పేజీలో ఉన్నారట. ఎలా ఉందని నేనింకా అడగలేదు.